పులి లోపలి చిన్నాయన

ఈ పొద్దున ఇందిరా నగర్‌లో మా ఎదురింటి గేటుకి రంగు వేస్తున్నారు. ఆ ఘాటు వాసన వచ్చిన దగ్గర్నుంచి దీపం వెలిగించినా ప్రార్థనలో మనసు నిలవక, పీట మీంచి లేచి కిటికీ దగ్గరికీ, అక్కడినుంచి మళ్ళీ పీట దగ్గరికీ తిరుగుతున్నాను.

చిన్నప్పుడు మా పుట్టినూరు మురుంగపాక్కంలో, తమిళుల మాసి నెల ఎండ ఇంకా ముదరకముందు, మా పెరడంతా ఇదే వాసన. జ్వరాలతో బడికి పోలేక నాయన దగ్గరే చదువుకుంటున్న నేను లేచి తిరిగితే, పులివేషం కట్టి, నన్ను భుజాన మోసుకుని, ఊరేగింపుగా సముద్రస్నానానికొచ్చే గుడి సామి ముందుకు తెస్తానని చిన్నాయన మొక్కుకున్నాడు. దేవుడి దయవల్ల లేచాను. మొక్కు రోజున ఆయన వెదురు గడ మీద చేతులానించి, ఒంటికి పూసిన రంగు ఆరేదాకా కూర్చోకుండా, అమ్మ నోటికందించే పానకం తాగుతూ, నా కళ్ళ ముందే చారల్లోకి మాయమైపోయాడు. కళ్ళ చుట్టూ నలుపు దిద్దాక వరస పెట్టి పిలవకూడదు, పులిసామి అనాలి. అది అవ్వ కట్టడి. నేను అవ్వ వెనక్కి జరిగాను. నేను భుజమెక్కకపోతే మొక్కు తీరదు. బయట తప్పెట్లు మొదలయ్యాయి.

“ఏందిమా, పాప రాదా? పులికీ కాళ్ళు నొస్తాయి,” అన్నాడు పులి.

“పులి మాట్లాడదురా, నోరు మూసుకో,” అంది అవ్వ.

నేను లోపలికి పరిగెత్తాను. “నాయనా, చిన్నాయన యాడికి పోయినాడు?”

మిల్లు నుంచి అప్పుడే వచ్చిన నాయన చొక్కా విప్పుతూ ఆగాడు. “మొన్న మనం చదివిన కథలో తోడేలయ్యే మనిషి గుర్తుండాడా? వేర్‌ఉల్ఫ్. ఉల్ఫ్ అంటే తోడేలు. వేర్ అంటే పాత ఇంగ్లీషులో మనిషి. ముందుండేది మనిషే పాపా. తోడేలు ఎనకాలే వచ్చింది.”

వెళ్ళి భుజమెక్కాను. రంగు కింద నుంచి చిన్నాయన తాంబూలం వాసన వచ్చింది. తప్పెట్లు ఎంత జోరెత్తినా, సముద్రం దాకా ఆ భుజం నన్ను కుదపలేదు.

ఇప్పుడు పులులు జిప్పు పెట్టిన బట్టలో దూరి, ఊరేగింపు కాగానే విప్పి మడిచేస్తాయి. అవ్వ కట్టడి ఎవరికీ తెలియదు. వేర్ అన్న మాటని ఇంగ్లీషులో విడిగా ఎవరూ వాడరట. మా పిల్లలు వాళ్ళ నాయన తమ్ముణ్ణి తమిళంలో సిత్తప్పా అంటారు. చిన్నాయనా అనే పిలుపు ఈ ఇంట్లో, దీపం ముందు ఆయన్ని తలుచుకునే నా ప్రార్థనలోనే మిగిలింది.