సువార్త గీసిన తాడు

నా మాటకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. సీనియారిటీ గురించి యాజమాన్యానికి ఎన్నిసార్లు రాశానో. ల్యాబులో కప్పీలు విరిగాయని రాశాను. ఉలుకూ పలుకూ లేదు. నన్నెవరు ఎప్పుడు చిన్నబుచ్చారో వరసగా చెప్పగలను. కానీ పన్నెండేళ్లుగా గుండెల మీద మోస్తున్నది ఎవరో నాకు చేసింది కాదు. నేను చేసింది. మీకే మొదట చెబుతున్నాను.

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ క్లాసు. ఆ రోజు ఏటవాలు తలం పాఠం. బోర్డు మీద వాలు, బండి, దాన్ని పైకి లాగే తాడు గీశాను. తాడు వాలుకు సమాంతరంగా. మూడో బెంచీలో సువార్త లేచింది.

“తాడు అట్లా ఉండదండి సార్.”

“మరెట్లా ఉంటుందమ్మా?”

“మా నాన్న మిర్చి యార్డులో హమాలీ అండి. బస్తాల బండిని ర్యాంపు మీదకి లాగేటప్పుడు తాడు భుజానేసుకుంటాడు. మీరు గీసినట్టు లాగాలంటే మనిషి పాకాలండి.”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నవ్వింది వాళ్లయితే, కోపం ఈమె మీద పెట్టుకున్నాను.

మా కాలేజీలో సోమవారం పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. ఆ సోమవారం నేనిచ్చిన లెక్కలో తాడు సమాంతరమని రాయడం మరిచాను. సువార్త నిలబడిన మనిషిని గీసింది. భుజం నుంచి తాడు. బలాన్ని రెండుగా విడదీసింది: ఒక భాగం బండిని వాలు వెంట లాగుతుంది, రెండోది బండిని కాస్త ఎత్తుతుంది, అందువల్ల ర్యాంపు మీద ఒత్తిడి తగ్గి ఘర్షణా తగ్గుతుంది. రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. ఎంత ముచ్చటగా ఉందో! పేజీ మొత్తానికి అడ్డంగా ఎర్ర గీత కొట్టాను.

ఆమె చివరి సెక్షన్‌కి వెళ్లింది. మిర్చి సీజన్ మొదలయ్యాక కాలేజీకి రాలేదు. తల్లితో కాయల తొడిమలు తీసే షెడ్డుకు వెళుతోందని పిల్లలు చెప్పారు. ‘అలాగా’ అన్నాను. అంతే అన్నాను.

ఆ ఒక్క గీతే కారణమా? ఇంట్లో ఇంకేవో ఇబ్బందులు ఉండి ఉంటాయని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ తాడును ఆమెలాగే భుజం నుంచి గీసి, పిల్లలు మెచ్చుకుంటే ఎందుకు ఊరుకున్నాను? ఆమె పేరు ఒక్కసారీ ఎందుకు చెప్పలేదు?

చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని అడగను.

సువార్తా, ఇది నీ కంటపడితే ఒక్కటి చెప్పు. దిద్దిన పేపర్లు ఇచ్చిన రోజు అర మార్కు కోసం అందరూ నా బల్ల చుట్టూ మూగారు. నువ్వు రాలేదు. పేపర్ మడిచి పుస్తకంలో పెట్టుకున్నావు. నీ లెక్క తప్పని నిజంగానే నమ్మావా? దీనికి నాకు జవాబు కావాలి.