రూతమ్మ టీచర్‌దీ నాదీ ఒకే సైకిల్

బాన్సువాడ బస్టాండులో నిలబడితే బస్సు హారన్ కన్నా ముందు సైకిల్ స్టాండు వేసిన చప్పుడే నా చెవిన పడుతుంది. మొన్న ఒక బడిపిల్ల హడావుడిగా వచ్చి, సైకిల్‌ను గోడవారగా నిలిపి, టక్కున స్టాండు వేసి బస్సు వెంట పరుగెత్తింది. ఆ చప్పుడుకు రూతమ్మ టీచర్ గుర్తొచ్చింది. మీరామెను చూసి ఉండరు. చూసి, ఒక్కసారి ఆమె మాట విని ఉంటే, ఈ పొట్టి మనిషి అంత గొంతు ఎక్కడ దాచుకుందా అనుకునేవారు.

డెబ్బైల చివరి మాట. మా తండా బడికి ఆమె ఒక్కతే టీచర్. పొద్దున బాన్సువాడ నుంచి బస్సులో వచ్చి నస్రుల్లాబాద్ రోడ్డు మీద మా మలుపు దగ్గర దిగేది. అక్కడి చాయ్ హోటల్లో ఉంచిన తన సైకిల్ తీసుకుని, కాలువ గట్టు మీదుగా కోసు దూరం, అంటే రెండు మైళ్లు, తొక్కుకుంటూ వచ్చేది. మా బడిలో చదువు ఐదో తరగతి వరకే. ఆ పైన బాన్సువాడ పోవాలి. నేను నడిచి మలుపు చేరేసరికి బస్సు వెళ్లిపోతుంది, సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. "ఇగ సాలు, చేన్ల పని నేర్సుకోనీ" అన్నాడు నాయన. నాకు అన్నం సహించలేదు.

సంగతి తెలిసి టీచర్ సైకిల్‌తో సహా మా వాకిట్లోకి వచ్చింది.

"నా సైకిల్ రాత్రంత హోటల్ల ఉత్తగనే పడి ఉంటది అన్నా. ఇగ నుంచి మీ ఇంట్ల ఉండనీ. పొద్దుగాల పిల్ల తొక్కుకుంట మలుపు కాడికి వస్తది. నేను బస్సు దిగి గదే సైకిల్ మీద బడికొస్త, పిల్ల బాన్సువాడ బస్సెక్కుతది. పొద్దూకంగ నేను హోటల్ కాడ ఇడిసిపోత, పిల్ల ఇంటికి తొక్కుకొస్తది."

"ఆడపిల్ల సైకిల్ తొక్కుడేంది టీచరమ్మా? తండ నవ్వదా?"

"నేను తొక్కుత లేనా? నన్ను జూసి ఎవలు నవ్విన్రు?"

"అందరు నవ్విన్రు" అన్నాడు నాయన, ఉన్నమాట దాచకుండా.

"నవ్వి నవ్వి ఆళ్లే అలిసిన్రు. మల్ల పిల్లలను నా బడికే తోలుతున్రు గద!"

నాయన సరే అన్నాడు. అలా నా చదువు రెండు బస్సుల మధ్య ఒక సైకిల్ మీద సాగింది.

మా యాడికి, అంటే అమ్మకు, ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో తోచలేదు. తన చేతిలో ఉన్న విద్యంతా పెట్టి సీటుకు అద్దాల కుట్టుతో తొడుగు కుట్టింది. నాకు కాళ్లు అందక నిలబడే తొక్కేదాన్ని కనుక అది నాకేం చేయలేదు. టీచర్‌కు మాత్రం అద్దాల అంచులు తగిలి చీరలు చిరిగాయి. "ఎట్లున్నది టీచరమ్మా?" అని యాడి అడిగితే, "రాణిగద్దె లెక్క ఉన్నదక్కా" అంది. ఆ రోజు నుంచి సంచిలో తువ్వాల తెచ్చుకుని సీటు మీద మడతపెట్టేది. తండా పొలిమేర రాగానే దాన్ని తీసి సంచిలో దాచేది. ఆ తొడుగు పాడయ్యేదాకా యాడికి ఆ సంగతి తెలియనే లేదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆమెకు జుక్కల్ వైపు బదిలీ అయింది. సైకిల్ పోతే నా పరీక్షలూ పోయినట్టే. మలుపు దగ్గర నిలబడి ఏడ్చాను. ఆమె కసురుకుంది. "గీ ఏడుపేందే? కొత్త బడి బస్సు దిగితె ఎదురుంగనే అట. నాకు సైకిల్ తోని పనేంది? నువ్వుంచుకో."

నమ్మాను. ఆ సైకిల్ మీదే పోయి పరీక్షలు రాసి పాసయ్యాను. నోరు తీపి చేద్దామని పేడాలు కట్టించుకుని జుక్కల్ దాటి ఆమె ఊరి బస్సు స్టేజీలో దిగితే, ఎదురుగా ఎర్రటి మట్టి దుబ్బ తప్ప ఏమీ లేదు. "బడా? గా గుట్ట అవతల. టీచరమ్మ గిటే వస్తది, ఆగు" అన్నాడు స్టేజీ పక్కనున్న పాన్‌డబ్బా ఆయన. చాలాసేపటికి వచ్చింది, మోకాళ్లదాకా దుమ్ముతో, తెగిన చెప్పులు చేతబట్టుకుని.

"పాసైనవా?" అని దూరం నుంచే అరిచింది.

"బడి ఎదురుంగనే అన్నరు గద టీచర్!"

"ఎదురుంగనే ఉన్నది. జర దూరం, గంతే."

ఆమె పేడా తింటుంటే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఆమె మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెన్నడూ కలగలేదు. తర్వాత నేనూ టీచర్‌నయ్యాను, రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరైనా "నాకెందుకు, నువ్వుంచుకో" అంటే, నేను ముందు వాళ్ల కాళ్ల వంక చూస్తాను.