చీపురు బాబాయి

హైడ్రోజన్ బస్సులకు గ్యాసు పట్టే బంకులో ఆయన్ని అందరూ చీపురు బాబాయి అంటారు. ఆ గ్యాసు ఎక్కడైనా కారి అంటుకుంటే, పగటి వెలుగులో మంట కంటికి ఆనదు. అందుకే రోజూ పొద్దున్నే పొడుగాటి చీపురు ముందుకు చాచి, పడుకున్న పాముని దాటుతున్నట్టు గొట్టాల వెంట మెల్లగా నడుస్తాడు. చీపురు కొస భగ్గుమంటే మంట అక్కడ ఉన్నట్టు. ఈ అలవాటు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో వంటగదిలోకి వెళ్లేటప్పుడు కూడా కుడిచెయ్యి దానంతటదే ముందుకు సాగుతుంది. "ఇక్కడ నన్ను మించిన నిప్పు ఏమీ లేదు గానీ, రండి" అని నవ్వేది భార్య.

ఈమధ్య ఆ నవ్వు సగంలోనే దగ్గుగా మారిపోతోంది. బస్సుల వెనక నుంచి నీటిచుక్కలు తప్ప పొగ రాదు; వాటి ఒంటినిండా పచ్చటి ఆకుల బొమ్మలు. ఆ హైడ్రోజన్‌ని భూమిలోంచి తోడిన గ్యాసు కాచి తీసే ఫ్యాక్టరీ మాత్రం వీళ్ల వీధి వెనకే ఉంది. దాని చిమ్నీ వదిలేదంతా వీళ్ల కిటికీలోకే వస్తుంది. ఇదిగో పొగ అని వేలెత్తి చూపించడానికీ ఏమీ కనపడదు.

"ఈ గాలి ఆమెకి పడదు, ఇల్లు మారండి" అని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం, బాబాయి బంకులోని చీపురు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా కిటికీ తెరిచి, చీపురు బయటికి చాచి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?" దగ్గు ఆపుకుంటూ మంచం మీంచి అడిగిందామె.

"చూస్తున్నానే."

చెయ్యి నొప్పెట్టేదాకా చూశాడు. చీపురు పుల్ల ఒక్కటైనా కమరలేదు.