చేతులు జోడించిన బొమ్మలు

నా చిన్నప్పుడు మా తాతయ్య పరామర్శకని ఎవరి గుమ్మమూ ఎక్కేవారు కారు. ఊళ్ళో ఎవరైనా పోతే గుమస్తా చేత బియ్యం బస్తా పంపి, అయ్యగారు విచారించారని చెప్పించేవారు. అప్పటికే మా భూములు చాలావరకు చేతులు మారాయి. ఈ పద్ధతి మాత్రం మారలేదు. దాన్ని మేము మర్యాద అనుకునేవాళ్ళం.

ఒక వేసవిలో, ముప్పై ఏళ్ళు మా పొలాలకు నీళ్ళు కట్టిన ముసలాయన పోయాడు. గుమస్తా ఎప్పటిలాగే వెళ్ళాడు. బస్తాతోనే తిరిగొచ్చాడు.

"ఆయన ఇల్లాలు పుచ్చుకోలేదండి," అన్నాడు తల వంచుకుని. "బియ్యం మాకూ ఉన్నాయి, అయ్యగారొచ్చి కాసేపు కూర్చుంటే చాలు అందండి."

మా నాన్నగారు మండిపడ్డారు. తాతయ్య మాత్రం చెప్పులు వేసుకుని, నన్ను రమ్మని సైగ చేశారు.

కాలవ గట్టు దాటాక ఆయన ఆగిపోయారు. ముప్పై ఏళ్ళు రోజూ మా ఇంటికొచ్చిన మనిషి ఇల్లు ఎటో ఆయనకు తెలియదు. సొంత ఊళ్ళో దారి అడగవలసి వచ్చింది. గేదెను తోలుకెళ్తున్న ఒకావిడ, "అటండీ బాబూ, ఆ తాటాకు పాక" అని చూపిస్తూ ఆయన్ని వింతగా చూసింది. ఆ చూపుకు నాకు సిగ్గేసింది.

కుర్చీ తెస్తామంటే తాతయ్య వద్దన్నారు. చాప మీద కూర్చున్నారు. కాసేపటికి ముసలావిడ, భర్త జ్వరంలో కూడా మా చేలకు నీళ్ళు పెట్టాలని పలవరించిన సంగతి చెప్పింది. తాతయ్య అంతా విన్నారు. లేస్తూ, అలవాటు కొద్దీ "వెళ్ళొస్తానమ్మా" అన్నారు.

చావింట్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి. అంత చిన్నవాణ్ణయిన నాకే ఆ సంగతి తెలుసు. పాకలో అందరూ బిగుసుకుపోయారు. ఆవిడ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ సన్నగా నవ్వింది.

"ఆయ్, తమరికి అలవాటు లేదు కదండీ. మా ఆయనుంటే పడీ పడీ నవ్వేవోడండి."

తిరిగి వస్తూ తాతయ్య ఒకే మాట అన్నారు. "అరవై దాటాయిరా నాకు. ఇది కూడా తెలీదు." ఆ తరువాత ఊళ్ళో ఎవరు పోయినా ఆయనే వెళ్ళారు.

ఇప్పుడు నేను రాజమహేంద్రవరంలో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. మా మేనల్లుడు, "మనోళ్ళందరూ ఇందులోనే ఉన్నారు మావయ్యా" అంటూ ఫోన్‌లో నన్ను బంధువుల గ్రూపులోనూ, ఊరివాళ్ళ పేజీలోనూ చేర్పించాడు. నిరుడు మా ఆవిడ పోయింది. సాయంత్రానికల్లా ఫోన్ నిండా చేతులు జోడించిన బొమ్మలు. వీధి చివర ఉన్నవాళ్ళూ బొమ్మే పంపారు. మా గుమస్తా ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉన్నాడనిపించింది.

అయినా దాన్ని ఉత్త దండగ అనలేను. ఎన్నో ఏళ్ళుగా జాడ తెలియని నా చిన్ననాటి స్నేహితుడొకడు ఆ వార్త అందులోనే చూసి, మర్నాడు జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి వచ్చాడు. పొద్దు వాలేదాకా నా పక్కన కూర్చున్నాడు. ఫోన్ కబురు చేర్చింది. కూర్చోవడానికి మనిషే రావాలి.

ఆ గ్రూపులో ఇంకా ఉన్నాను. ఎవరు పోయారో చెప్పేవాళ్ళు నాకు వేరే లేరు. కాని బొమ్మ మాత్రం పెట్టను. మోకాళ్ళు ఒప్పుకున్న రోజున వెళ్తాను. ఒప్పుకోని రోజున, వెళ్ళలేకపోయానన్న బాధను బాధగానే ఉంచుకుంటాను. దాన్ని తీర్చేసుకున్నానని మాత్రం అనుకోను.