కొండ మీద కాలువ గట్టు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను. అవనిగడ్డ చర్చిలో ప్రతి ఆదివారం కీబోర్డు వాయించేవాణ్ణి... దయ్యం అంటే మీకంటే ముందు నవ్వేది నేనే. కానీ ఇది జరిగింది. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను.

పోయిన సంవత్సరం నేనూ మా బావ ప్రసాదూ హిమాచల్‌లో ఒక కొండ ఊరికి వెళ్ళాము. బావ అంటే మా సునీతక్క భర్త. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఆ ఏడు రొయ్య బాగా దిగింది. దాంతో ఆయనకు గాల్లో ఎగరాలని కోరిక పుట్టింది. పారాగ్లైడింగ్! దివిసీమలో పుట్టినవాడికి ఎత్తంటే కృష్ణ కరకట్టే కదా. అక్కకు అప్పుడు ఏడో నెల. బయలుదేరే ముందు నన్ను పక్కకు పిలిచింది.

"ఒరేయ్ చిన్నా, మీ బావకి ఆత్రం ఎక్కువ. నీ చేతుల్లో పెడుతున్నా. ఎట్టా తీసుకెళ్ళావో అట్టా తీసుకొచ్చెయ్."

"అట్టాగేలే అక్కా" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో!

పొద్దున తీగకు వేలాడుతూ లోయ దాటే జిప్‌లైన్ ఎక్కాము. బావ పెట్టిన కేకలకు ఆ లోయంతా తిరిగి చూసింది. మధ్యాహ్నం జీపులో కొండ పైకి, గ్లైడర్లు ఎగిరే చోటికి వెళ్ళాము. మా వంతు వచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. ఈరోజుకు ఇక లేదన్నారు. అందరూ జీపుల్లో దిగిపోయారు. మా డ్రైవరు కూడా రమ్మని పిలిచాడు. బావ వింటేగా? మంచు విడుతుందని గంటసేపు కూర్చోబెట్టాడు. విడలేదు. ఆఖరి జీపూ వెళ్ళిపోయింది. చీకటి పడింది.

నడక మొదలుపెట్టాము. అరగంటకు కాళ్ళ కింద రోడ్డు లేదు... ఎక్కడ తప్పామో తెలియదు. ఫోను టార్చి వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి తిరిగి మా మొహాల మీదకే కొడుతోంది. అప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించింది. చూస్తే చిన్న కాలువ... మూరెడు వెడల్పు. పక్కనే గట్టు.

ఇక్కడ తప్పు నాదే.

"బావా, ఇంక భయం లేదు. కాలువ గట్టు పట్టుకుంటే ఊరు తగలకుండా ఎక్కడికి పోద్ది?"

మన దగ్గర అంతేగా! ఏ గట్టు మీద నడిచినా ఏదో ఒక ఊరు తగులుతుంది. కరెంటు లేని రాత్రుళ్ళు మనం ఇళ్ళకు చేరింది అలాగే. నీళ్ళున్న చోట మనిషి ఉంటాడు. నాకు తెలిసింది అదే.

బావ ముందు. నేను వెనక, ఆయన జాకెట్టు పట్టుకుని.

కాసేపటికి... ముందునుంచి ఇంకో చప్పుడు. ఆగకుండా... నీళ్ళను చిలుకుతున్నట్టు.

"ఏరేటర్లురా!" అన్నాడు బావ. చెరువు నీళ్ళలో గాలి కలపడానికి రాత్రంతా తిప్పుతామే, ఆ యంత్రాలు. కొండ మీద రొయ్యల చెరువేంటి బావా అని అడగాలి. అడగలేదు. నాకూ అచ్చం అలాగే వినిపించింది. పైగా సంతోషం వేసింది. బావ నడక పెంచాడు.

గట్టు మెత్తబడింది. తడి. అప్పుడు...

"చెప్పులు తీసి చేత పట్టుకోండయ్యా... గట్టు జారుద్ది."

తెలుగు. మన తెలుగు. ఎవరో పెద్దావిడ గొంతు. వానాకాలం గట్ల మీద ఎదురొచ్చినవాళ్ళు చెప్పే మాటే. మాకు ఎదురుగా, పదడుగుల దూరం నుంచి వచ్చింది.

మేము వేసుకున్నవి బూట్లు. అయినా బావ వెంటనే కూర్చున్నాడు. లేసు విప్పాడు. ఒక బూటు తీసి పక్కన పెట్టాడు. అది జారింది...

చెవులు రిక్కించాను. పడిన చప్పుడు రాలేదు.

"కదలకు బావా!" అని జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని అక్కడే కూర్చున్నాము. ఎంతసేపో తెలియదు. మేము హోటలుకు చేరలేదని తెలిసి ఆ డ్రైవరే వెతుక్కుంటూ వచ్చాడు. టార్చి ముందుకు వేశాడు. బావ పాదానికి అడుగు దూరంలో కాలువ అంచు దాటి కిందకు దూకుతోంది. ఆ అవతలంతా మంచే. నేల లేదు.

"దారి తప్పితే మేము నీళ్ళకు దూరంగా జరుగుతాము. మీరు నీళ్ళ వెంట వచ్చారా?" అని హిందీలో తిట్టాడు.

ఎదురుగా ఎవరైనా ఉంటారా అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు. "అక్కడ నిలబడడానికి ఏముంది సార్?"

సరే, చిలికిన చప్పుడు జలపాతానిదే. గొంతు నా భయమే అనుకున్నాను. పొద్దున టీ తాగుతూ బావను అడిగాను.

"ఆ ముసలావిడ మాట నువ్వూ విన్నావు కదా?"

"ముసలావిడేంట్రా? చెప్పులు తియ్యమని వెనకనుంచి నువ్వే కదా అన్నావు!"

ఆ మాట నేను అనలేదు. ఎన్నిసార్లు చెప్పినా బావ నమ్మడు.

అక్కకు ఇప్పటికీ చెప్పలేదు. పాప పుట్టింది. బావ మళ్ళీ కొండలంటున్నాడు. ఆ గొంతు మమ్మల్ని ఆపిందో, దగ్గరకు పిలిచిందో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తలచుకుంటే నిద్ర పట్టదు. నా గొంతుతోనే అది "ఇంకో అడుగు వెయ్యి బావా" అని ఉంటే... వేసేవాడు. నా మాటే అనుకుని వేసేవాడు.