జాలీకి అవతల కొన్నాళ్లు

చొప్పదండి సమ్మయ్యకు ఒకటే పిచ్చి. కొత్తది ఏదైనా సరే, పాతవాటితో వెంటనే కలవకూడదు. కొత్త చెప్పులు కొంటే, అవి పాత చెప్పుల పక్కన వారం రోజులు ఊరికే కూర్చోవాలి. పాత గొడుగు చిరిగిందని కొత్తది కొని, దాని పక్కనే మేకుకు వేలాడదీసి, తాను వానలో తడుస్తూ చర్చికి పోయిన మహానుభావుడు.

"గొడుగు వెట్టుకొని గీ తడుసుడేందయ్యా?" అని భార్య రిబ్కమ్మ నెత్తి కొట్టుకునేది.

"జర ఆగు. ఒకదాన్నొకటి చూసుకోనీ."

శ్రీరాంపూర్ నుంచి కోడలిగా వచ్చిన ప్రిస్కిల్లాకు ఈ సంగతి తెలియదు. పెళ్లయిన మర్నాడు వంటింట్లోకి వెళ్లబోతే, మామ గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు అర్రల కూసో బిడ్డా. ఇప్పుడే వద్దు."

నెల రోజులు అదే పాట. ఎసరు పెడతానన్నా వద్దు, గిన్నెలు తోముతానన్నా వద్దు. తనను పరాయిదాన్ని చేశాడని ప్రిస్కిల్లా మనసు చివుక్కుమంది. తర్వాత ఆయన కుర్చీ తీసేశాడు గానీ ఆమె కోపం పోలేదు. అన్నం పళ్లెం మొగుడి చేత పంపేది. మామ "తిన్నవా బిడ్డా?" అని అడిగితే "ఊఁ" అనేది. ఏడాది దాటినా అంతే. పాపం సమ్మయ్య ఆ "ఊఁ"కే మురిసిపోయి మీసం దువ్వుకునేవాడు.

ఈ ఏడు ఆయన కోళ్లకు కొత్త షెడ్డు కట్టాడు. అంగట్లో కోడిపిల్లల్ని కొనితెచ్చి, షెడ్డు మధ్యలో ఇనుప జాలీ బిగించాడు. ఇటు పాత పెట్టలు, అటు పిల్లలు. పొద్దున్నే ఎదురుగా కూర్చుని, "చూసుకోండ్రి, మంచిగ చూసుకోండ్రి" అని పెళ్లిచూపులు నడిపేవాడు.

ఒకరోజు ఆయన నూకలకని బజారుకు పోయాడు. పిల్లలు జాలీకి ముక్కులు ఆనించి కీచుమంటున్నాయి. ప్రిస్కిల్లాకు కడుపు మండింది.

"మిమ్ముల గూడ పక్కకు కూసోవెట్టిండా?" అంటూ జాలీ ఎత్తేసింది.

అంతే! పెట్టలన్నీ పిల్లల మీద పడ్డాయి. ఆమె చేతులు అడ్డం పెట్టి, తానూ పొడిపించుకుంటూ, పిల్లల్ని ఒడిలోకి లాక్కునేసరికి ఒకదాని నెత్తిన తోలు లేచిపోయింది.

సమ్మయ్య వచ్చి చూశాడు. నూకల సంచి కింద పెట్టి, పిల్ల గాయానికి పసుపు అద్దాడు.

"తిట్టు మామా," అంది ప్రిస్కిల్లా ఏడుస్తూ.

"ఎందుకు తిడుత బిడ్డా? కొత్తయి కనవడంగనే పాతయి పొడుస్తయ్. అలవాటయ్యేదాంక నడుమ అడ్డం ఉండాలె."

ప్రిస్కిల్లా కళ్లు తుడుచుకోవడం ఆపింది. "మరి వంటింటి కాడ కుర్చి..."

సమ్మయ్య ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్త కొత్తగ వచ్చినప్పుడు నన్ను గన్న అవ్వ ఉప్పుకు పొడిసింది, కారానికి పొడిసింది. ఆమె పొయ్యి కాడ ఏడుస్తుంటే నేను ఊకున్న. గప్పుడే అడ్డం కూసోవాల్సింది. ఇప్పుడు మీ అత్త గూడ గట్లనే తయారయ్యింది."

"గా ముక్క నాకు అప్పుడే చెప్తే ఏం వోయింది మామా?"

"కోళ్లకు చెప్పే పని ఉండదు గద. మనిషికి నోటితోని చెప్పాలెనని మర్శిన."

ఆ పిల్ల బతికింది గానీ, నెత్తిన మళ్లీ ఈక మొలవలేదు. దాన్ని చూసినప్పుడల్లా ప్రిస్కిల్లాకు తన "ఊఁ"లన్నీ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. ఏడాది మాటలు మళ్లీ రావు కదా!

మామ ఆ సంగతి చెప్పిన పూటే అన్నం పళ్లెం తానే తెచ్చి, మామ ఎదురుగా కూర్చుంది. ఇంతలో వంటింట్లోంచి రిబ్కమ్మ కేక.

"కూరల ఉప్పు ఎవరేసిండ్రు? గిట్లనా వేసుడు?"

సమ్మయ్య చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసి, కుర్చీ కోసం గబగబా లేచాడు.

"కూసోని తిను మామా," ప్రిస్కిల్లా నవ్వింది. "నాకు అలవాటైంది."