అత్తమ్మ భయపడలేదన్న కేసు

ఆ రోజుల్లో తెలంగాణ వచ్చి తీరుతుందని అందరికీ నమ్మకముండేది. నా పరీక్షలు జరుగుతాయన్న నమ్మకం మాత్రం ఎవరికీ లేదు. ఒకసారి బందు, ఇంకోసారి రాస్తారోకో, వాయిదా మీద వాయిదా. కోరుట్లలో ఇంటి పనులతో చదువు సాగడం లేదని, లా మొదటి ఏడాది పుస్తకాలన్నీ మోసుకొని సిరిసిల్లలో మేనమామ ఇంట్లో దిగాను. అక్కడ మరమగ్గాల చప్పుడును మించిన గొంతుతో అసాల్ట్, బ్యాటరీ పాఠం బట్టీ పడుతుండగా, ఒక పొద్దున అత్తమ్మ రొప్పుతూ లోపలికి వచ్చింది. పక్కింటి పెద్దమ్మ (చాటుగా మేం పటాకుల పెద్దమ్మ అనేవాళ్ళం) వాకిలి కడిగిన నీళ్ళు మా గడప మీదికి తోసిందట. ఇదేందని అడిగితే చీపురెత్తిందట.

"బిడ్డా, గిది కేసైతదా?"

నా మొదటి క్లయింటు! "ఎందుకు కాదు అత్తమ్మా? ఒప్పుకోలు లేకుండ ముట్టుకుంటే బ్యాటరీ. ముట్టకున్నా, ఇగో ఇప్పుడే దెబ్బ పడుతదని భయం పుట్టిస్తే అసాల్ట్. నువ్వు భయపడ్డవు గదా?"

"భయమా? దాన్ని జూసి నేను భయపడుడా? పిచ్చా నీకు?"

"పోనీ, భయం వద్దు. దెబ్బ పడుతదని అనుకున్నా చాలు."

"ఎట్లనుకుంట? పడనిస్తనా నేను?"

ఎంత బతిమాలినా కేసు నిలబెట్టే ఆ ఒక్క మాట ఆమె నోట రాలేదు. పైగా "గట్లయితే పోయి కొట్టించుకొనొస్త, గప్పుడు బ్యాటరీ అయితది" అని బయటకు నడిచింది. నువ్వే అడిగి కొట్టించుకుంటే ఒప్పుకున్నట్టే, కేసు పోతుంది అని అరుస్తూ వెంట పరుగెత్తాను.

"కొట్టు" అంది అత్తమ్మ, తల ముందుకు పెట్టి.

"నేనెందుకు కొడుత?" పెద్దమ్మ బిత్తరపోయి చీపురు కింద పడేసింది. అత్తమ్మ వంగి దాన్ని తీసి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది. నాకు ఓపిక నశించి, పెద్దమ్మ మోచెయ్యి పట్టుకొని పక్కకు లాగాను.

"గిదేంది, నన్ను గుంజుతున్నది? గిది కేసు గాదా?"

అత్తమ్మ క్షణం ఆలోచించింది. "అయితది. ఒప్పుకోలు లేకుండ ముట్టుకుంటే బ్యాటరీ అంట. గీ పిల్లే చెప్పింది."

"నొప్పైతే లేస్తలేదు మరి."

"నొప్పి లేకున్నా అయితది" అన్నాను. (అన్నది నేనే. పాఠం అంత బాగా వచ్చింది నాకు.)

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని పగలబడి నవ్వారు. "వకీళ్ళందరు కోర్టు బంద్ పెట్టి టెంట్ల కూసున్నరు. బతికిపోయినవు పో!" అంది పెద్దమ్మ. ఆ తర్వాత ఇద్దరూ చెరో వైపు వంట గంజు పట్టుకొని, ఉద్యమం కోసం రోడ్డు మీద చేసే వంటావార్పుకు వెళ్ళిపోయారు. గడప మీది నీళ్ళు తుడిచింది నేనే.

పరీక్షలు చివరికి జరిగాయి. జగిత్యాలలో వకీలునయ్యాను. ఇప్పుడు ఎవరేమడిగినా "చూద్దాం, అప్పుడే చెప్పలేం" అంటాను. అనుభవం అంటే అదేనట. అయినా, తడి వాకిట్లో నిలబడి చట్టమంతా తనకే తెలుసనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. ఒక్క రోజైనా, ఏ జడ్జి ముందైనా, అంత నమ్మకంగా మాట్లాడగలిగితే బాగుండుననీ అనిపిస్తుంది.